కోపము కంటిని తాకినప్పుడు

 

ఈ ఉదయం ఒక చిన్న ప్రశ్న. కోపం సంగతి వచ్చినప్పుడల్లా మనం కంటినే ఎందుకు ప్రస్తావిస్తాము? "కళ్ళెర్రజేశాడు" అంటాము. చెయ్యి జారిపోయాక, "కోపంలో నాకు కళ్ళు కనబడలేదండీ" అని చెప్పుకుంటాము. దావీదు భక్తుడు కూడా 6వ కీర్తన 7వ వచనములోను, 31వ కీర్తన 9వ వచనములోను తన కన్ను పాడైపోతున్నదని దేవునికి మొరపెట్టుకున్నాడు. దానికి కారణముగా మన తెలుగు బైబిలులో "విచారము" అని ఉన్నది. హెబ్రీ భాషలో అక్కడ ఉన్న మాట "కఅస్". అది ఒట్టి దుఃఖము కాదు. రెచ్చగొట్టబడినవాడి లోపల రగిలే మంట కూడా అందులో ఉన్నది. 1 సమూయేలు మొదటి అధ్యాయములో పెనిన్నా సూటిపోటి మాటలకు హన్నా పడిన బాధకు వాడినది కూడా ఈ మాటే. పైకి అనలేక లోపల ఉడికిపోవడం. మనలో ఎంతమందికి అది తెలియదు?

ఇక నా సంగతి చెప్పనివ్వండి. సిగ్గుపడే సంగతే గాని చెప్పాలి.

2017లో మా నాన్నగారి పొలం పంపకం దగ్గర నాకూ మా తమ్ముడికీ మాట వచ్చింది. ఎంత? ఒక గట్టు. గట్టు ఇవతలికా, అవతలికా అన్నంత. పదిమంది చూస్తుండగా నేను, దేవుని సేవకుడినని చెప్పుకునే నేను, వాడి మీద చెయ్యెత్తబోయాను. పెద్దలు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ తరువాత రెండు వారాలు నిద్ర లేదు. పడక మీద ఆ గొడవనే మళ్ళీ మళ్ళీ నడిపించుకునేవాడిని. ఈసారి నా జవాబులు ఇంకా పదునుగా ఉండేవి!

ఒక ఆదివారం ఉదయం బైబిలు తెరిస్తే పుట మధ్యలో బూడిద రంగు మచ్చ. కళ్ళద్దాలు తుడిచాను, పోలేదు. ఎడమకన్ను మూసి గుమ్మం వైపు చూస్తే నిలువు చెక్క మధ్యలో వంగినట్టు కనబడింది. రెండు కళ్ళతో చూస్తే అంతగా తెలియలేదు.

సంఘములో ఒక పెద్దాయన నాతో అన్నాడు: "తమ్ముడి మీదకి వెళ్ళావు, దేవుడు నీ కన్ను ముట్టాడు." నేను నమ్మాను. నమ్మి ఏం చేశాను? ఉపవాసముండి, ఆసుపత్రికి వెళ్ళకుండా ఇరవై రోజులు గడిపాను. ప్రియులారా, ఇది భక్తి కాదు. యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టుగ్రుడ్డివాడిని చూసి, ఎవరి పాపము వలన అని శిష్యులు అడిగినప్పుడు, ప్రభువు ఆ లెక్కనే కొట్టివేశాడు. మనం మాత్రం ఇంకా ఆ లెక్క వేస్తూనే ఉన్నాము.

చివరకు విజయవాడ వెళ్ళాము. డాక్టరమ్మగారు కంటి వెనుక పొరను స్కానింగ్ తీసి చూపించారు. చూపుకు నడిబొడ్డు లాంటి చోట, పొర కింద నీటిబుడగలా ఉబ్బి ఉంది. సెంట్రల్ సీరస్ అన్నారు. 1866లోనే ఫాన్ గ్రేఫ్ అనే జర్మనీ కంటివైద్యుడు దీనిని వర్ణించాడట. నడివయసు మగవారిలో ఎక్కువ. ఒత్తిడిలో ఉన్నవారిలో, ఊరికే తొందరపడి మండిపడే స్వభావం గలవారిలో తరచుగా కనబడుతుందని వైద్యులు చాలాకాలంగా గమనించారు. కోపము, దిగులు కలిగినప్పుడు శరీరములో కార్టిసాల్ అనే స్రావము పెరుగుతుంది. అది కంటి వెనుక ఉన్న సన్నని రక్తనాళాల మీద పని చేసి, నీరు ఊరేలా చేస్తుందని వారి అభిప్రాయము.

అప్పుడామె అడిగిన ప్రశ్న నేను ఎదురుచూడనిది. "మాత్రలేమైనా వాడుతున్నారా?" మోకాళ్ళ నొప్పులకు మా ఊళ్ళో ఒకాయన ఇచ్చే చిన్న తెల్లమాత్ర జేబులోంచి తీశాను. "ఇది స్టెరాయిడ్ అండీ పాస్టరుగారూ. కార్టిసాల్ పనే ఇదీ చేస్తుంది. మీ కోపం కంటే దీని వాటా ఎక్కువ కావచ్చు."

చూశారా! నేను దేవుని శిక్ష అనుకున్నదానిలో మోకాలి మాత్ర కూడా ఉన్నది. ఇంజెక్షన్, ఉబ్బసానికి పీల్చేది, చర్మానికి పూసేది, ఏ రూపంలో స్టెరాయిడ్ వాడినా కంటి డాక్టరుకు చెప్పండి. అయితే నా మాట విని ఉన్నట్టుండి మానేయకండి. చాలాకాలం వాడినది ఒక్కసారి ఆపితే ప్రాణము మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి.

కోపము కంటిని చేరే దారులు ఇంకా ఉన్నాయి. తెల్లగుడ్డు మీద హఠాత్తుగా ఎర్రటి రక్తపు మరక కనబడితే అందరూ హడలిపోతారు. నొప్పి లేకుండా, చూపు బాగుంటే అది సాధారణంగా ఒకటి రెండు వారాలలో దానంతటదే పోతుంది. దగ్గుకు కూడా వస్తుంది. బి.పి. ఒకసారి చూపించుకుంటే చాలు. కాని బి.పి. ఏళ్ళ తరబడి పెరిగి ఉంటే కంటి లోపలి నాళాలు దెబ్బతింటాయి. అది కనబడదు, నొప్పి పెట్టదు.

ఒక్కటి మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. కొందరి కళ్ళలో నీరు బయటికి వెళ్ళే మూల పుట్టుకతోనే ఇరుకు. భయమో ఆందోళనో చీకటో కంటిపాపను విప్పార్చినప్పుడు ఆ మూల మూసుకుపోవచ్చు. కన్ను ఎర్రబడి భరించలేని నొప్పి, తలపోటు, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. నలభై దాటిన స్త్రీలలో ఎక్కువ. పైత్యమనుకొని, ఇంట్లో గొడవపడి ఏడ్చినందుకు తలనొప్పి అనుకొని పడుకోబెడతారు. అయ్యలారా, ఆ గంటలలోనే చూపు పోతుంది. ఆ రాత్రే తీసుకువెళ్ళండి.

ఎఫెసీ పత్రిక 4వ అధ్యాయములో పౌలు కోపానికి ఒక గడువు పెట్టాడు, పొద్దు కుంకేదాకా. నేను దాని మీద చాలాసార్లు ప్రసంగించాను. అది ఎదుటివాడి మేలు కోసమనే అనుకున్నాను. వచ్చి పోయే కోపానికి శరీరము తట్టుకుంటుంది. రాత్రంతా పడక మీద నెమరువేసే కోపము వేరు. చూపు తగ్గుతున్నదనే భయము దానికి తోడై, ఆ భయము మళ్ళీ నిద్రను తినేస్తుంది.

నన్ను విజయవాడ తీసుకువెళ్ళినది ఎవరనుకున్నారు? మా తమ్ముడే. నాకు బండి నడిపే చూపు లేదని నా భార్య మా మరదలికి చెప్పింది. తెల్లవారుజామున వచ్చి గుమ్మం ముందు బండి ఆపాడు. తెనాలి నుంచి విజయవాడ దాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఆసుపత్రి మెట్ల దగ్గర మాత్రం వాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి విడిపించుకోవాలని నాకు ఇంకా అనిపించింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

మాత్ర తగ్గించుకుంటూ మానేశాక, నాలుగు నెలలకు నీరు ఇంకిపోయింది. చాలామందికి ఇలాగే తగ్గుతుంది, కొందరికి తిరగబెడుతుంది. అందుకే ఇప్పటికీ ఉదయం లేవగానే ఒక కన్ను మూసి గుమ్మాన్ని చూస్తాను, తరువాత రెండవది. మీరూ చూడండి. గీత వంగినా, మధ్యలో మచ్చ ఉన్నా డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ప్రార్థన దారిలో చేసుకోవచ్చు.

గట్టు సంగతి ఇంకా తేలలేదు. తమ్ముడు మాత్రం నెలకొకసారి ఫోన్ చేసి, "అన్నయ్యా, గుమ్మం తిన్నగా ఉందా?" అని అడుగుతాడు.

ప్రార్థన చేసుకుందాము.