తెరకు కథ వ్రాయువారికి

చలనచిత్రములకు కథలు వ్రాయగోరు నూతన రచయితలు పలువురు తమ ప్రతులను మాకు చూపుచుందురు. అందు పాత్రలు మాటలాడుటయే గాని చేయునది తక్కువ. రేడియో నాటకమునకు మాటయే ప్రాణము. తెరకు అది చాలదు.

కడప జిల్లా కొత్తపల్లిలో జన్మించిన బి. ఎన్. రెడ్డిగారి "మల్లీశ్వరి" (1951) చూడుడు. దాని కథకు బుచ్చిబాబుగారి రేడియో నాటకము ఒక ఆధారము. మాటలు, పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారివి. మారువేషముననున్న రాయలను గుర్తింపక నాగరాజు, మల్లికి రాజుగారి పల్లకి పంపింపుమని వేడుకకు అనును. పిమ్మట ఆ పల్లకి నిజముగనే వచ్చును. పరిహాసము పరితాపమగును. పల్లకి కనబడినంతనే ప్రేక్షకునకు గుండె జల్లుమనును, వేరుమాట యక్కరలేదు.

మన సీమ కరవును చూపవలెనన్న, "కరవు వచ్చినది" అని ఎవరిచేతను అనిపింపకుడు. బావియొద్ద చేంతాడు చాలక, మరియొక తాడు ముడివేయుచున్న ఇల్లాలిని చూపుడు. తక్కినది చూచువారే గ్రహింతురు.