గుండె ఆగిన వేళ

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల చెంత వెలసిన జంషెడ్‌పూర్‌కు ఆ పేరు 1919లో వచ్చినది. అంతకుముందు అది సాక్చీ. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకొని తెలుగువారు, బెంగాలీలు, ఒడియావారు, పంజాబీలు తరలివచ్చి సంతాలుల, హో ప్రజల పొరుగున స్థిరపడినారు. ఇట్టి ఊరిలో నడిబజారున ఒక మనిషి కుప్పకూలితే, అతనిది ఏ భాష అని విచారించే వ్యవధి ఉండదు. గుండె ఆగిన కొద్ది నిమిషాలకే మెదడు చెడనారంభించును.

ఎదను చేతులతో అదిమి రక్తప్రసరణను నిలుపు పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రకటించినారు. వీరిలో మొదటివాడు వైద్యుడు కాడు, విద్యుత్ ఇంజనీరు. కరెంటు తీగలపై పనిచేయువారి మరణాలే ఆయనను ఈ పరిశోధనకు పురికొల్పినవి. కర్మాగారపు ఊరికి ఈ సంగతి పరాయిది కాదు.

పిలిచినా, భుజం తట్టినా పలుకక, సరిగా శ్వాస తీయని మనిషికి ఈ చికిత్స తక్షణం అవసరం. ఎగశ్వాసను శ్వాసగా భ్రమపడరాదు. 108కి గాని 112కి గాని ఫోను చేయించవలెను. కరెంటు తగిలినవానిని ముట్టుటకు ముందే సరఫరా ఆపవలెను.

పెద్దలను గట్టినేలపై వెల్లకిల పడుకోబెట్టి, రొమ్ము ఎముక దిగువ సగంపై అరచేతిలో మణికట్టు దగ్గరి భాగాన్ని ఆనించి, దానిపై రెండవ చేయి వేసి, మోచేతులు వంచక 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6కు మించకుండా అదమవలెను. వేగం నిమిషానికి 100 నుండి 120 సార్లు. ప్రతిసారీ ఎదను పూర్తిగా పైకి లేవనీయవలెను. తొందరలో చాలామంది మరచునది ఇదే. ఏడాది దాటిన పిల్లలకు ఒక చేయి చాలవచ్చును; లోతు ఎద మందంలో మూడవ వంతు, సుమారు 5 సెంటీమీటర్లు. ఏడాది లోపు శిశువు ఎదను రెండు చేతులతో చుట్టి పట్టి, రెండు బొటనవ్రేళ్ళతో సుమారు 4 సెంటీమీటర్లు అదమవలెను.

అసలు భేదం శ్వాసలో ఉన్నది. పెద్దలలో తరచు గుండెయే ముందు ఆగును. శిక్షణ లేనివారు ఎదను మాత్రమే అదిమినను మేలే. పిల్లలలో తరచు ఊపిరి ముందు ఆగి, ప్రాణవాయువు అందక పిదప గుండె ఆగును. కనుక వారికి 30 అదుములకు 2 శ్వాసలు ఊదుట మానరాదు. శిక్షణ పొందినవారు ఇద్దరున్నచో 15కు 2. శిశువు తలను వెనుకకు విరువక, నోటిని, ముక్కును కలిపి తమ నోటితో మూసి, ఎద లేచునంత మాత్రమే ఊదవలెను.

నదిలో మునిగినవారికీ శ్వాస ముఖ్యమే. వారిని తలక్రిందులుగా పట్టి త్రిప్పుట, పొట్ట నొక్కి నీరు కక్కించుట పలుచోట్ల ఇంకను కనబడును. దానివలన మేలు లేదు సరికదా, ఉన్న కొద్ది నిమిషాలు హరించిపోవును.

అలసిన చేతులు లోతుగా అదమలేవు. రెండు నిమిషాలకొకసారి మనిషి మారవలెను. లెక్క బిగ్గరగా చెప్పవలెను. ఒకరు తెలుగులో ముప్ఫై వరకు లెక్కించి లేచినచో, ప్రక్కనున్నవారు హిందీలోనో, బెంగాలీలోనో, సంతాలీలోనో ఒకటి నుండి అందుకొనవచ్చును.