ఉబ్బసం ఉన్నవారు పరుగు మొదలుపెట్టడం ఎలా?



ఈనాటి పాఠం ఉబ్బసం గురించి, పరుగు గురించి. ఈ రెండు మాటలు కలిపి వినగానే చాలా ఇళ్లలో పెద్దలు "మనకెందుకమ్మా" అంటారు. నేను శ్వాసకోశ వ్యాధుల వైద్యుణ్ణి, చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉన్నవాణ్ణి కూడా. అందుచేత పుస్తకం కంటే ముందు మైదానం సంగతి చెబుతాను.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, ఒక డిసెంబరు నెల తెల్లవారుజామున 1500 మీటర్ల పందెంలో దిగాను. నాకు ఉబ్బసమని అక్కడ ఎవరికీ తెలియదు. ఇన్‌హేలర్ హాస్టల్ గదిలో, ట్రంకు పెట్టెలో, బట్టల అడుగున ఉంది. నలుగురిలో దాన్ని నోట్లో పెట్టుకోవడం నామోషీగా ఉండేది. పరుగెత్తినంతసేపూ ఏమీ కాలేదు. నాలుగోవాడిగా గీత దాటాను. ఐదు నిమిషాల తర్వాత కుళాయి దగ్గర నీళ్లు తాగుతుంటే ఛాతీ బిగుసుకుంది, పిల్లికూతలు మొదలయ్యాయి. స్నేహితులు పాపం నన్ను వెల్లకిలా పడుకోబెట్టి ముఖాన నీళ్లు చల్లారు. "మందు ఎక్కడుంది?" అని అడిగితే చెప్పడానికి నాకు గొంతు పెగలలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్లారు కాబట్టి ఈరోజు మీతో మాట్లాడుతున్నాను.

పరుగెత్తేటప్పుడు రాని ఆయాసం ఆగిన తర్వాత ఎందుకు వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మిగతా పాఠమంతా సులువవుతుంది.

విశ్రాంతిగా ఉన్నప్పుడు మనం నిమిషానికి సుమారు 6 లీటర్ల గాలి పీలుస్తాం. ఆ గాలి ముక్కులోంచి వెళ్తూ వెచ్చబడి, తేమ పట్టి లోపలికి చేరుతుంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు అది 60 లీటర్లు దాటుతుంది. అంత గాలి ముక్కుకు చాలదు, నోరు తెరుస్తాం. పొడిగా, చల్లగా ఉన్న గాలి నేరుగా శ్వాసనాళాలను తాకి, వాటి లోపలి పొరలోని తేమను లాగేస్తుంది. తడి ఆరిన పొరలోని మాస్ట్ కణాలు హిస్టమిన్, ల్యూకోట్రయీన్ల వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి. పరుగు సాగుతున్నంతసేపూ శరీరం నాళాలను కొంతవరకు తెరిచి ఉంచుతుంది. ఆగాక ఆ సాయం పోతుంది. అందుకే ఇబ్బంది సాధారణంగా పరుగు ఆపిన 5 నుంచి 15 నిమిషాలలో ముదిరి, చాలామందిలో గంటలోపు తగ్గుతుంది. అలాగని ప్రతిసారీ దానంతట అదే తగ్గుతుందని కూర్చోకూడదు.

పరుగెత్తితే ఆయాసం వచ్చే ప్రతివారికీ ఉబ్బసం ఉన్నట్టు కాదు. పిల్లికూతలు, దగ్గు, ఛాతీ బిగువు లేకుండా కేవలం ఆయాసమే ఉంటే, ముఖ్యంగా ఆడపిల్లలు రక్తపరీక్ష చేయించుకోవాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువైతే ఇన్‌హేలర్ ఏమీ చేయలేదు.

ఇక ఉబ్బసమేనని వైద్యుడు నిర్ధారించాక మొదటి పని బూట్లు కొనడం కాదు, జబ్బును అదుపులోకి తెచ్చుకోవడం. రాత్రిపూట దగ్గుతో మెలకువ వస్తున్నా, వారంలో రెండుసార్లకు మించి ఉపశమనం ఇచ్చే ఇన్‌హేలర్ అవసరమవుతున్నా మీ ఉబ్బసం అదుపులో లేదని అర్థం. అలాంటప్పుడు పరుగు వాయిదా వేసి డాక్టరును కలవండి. శ్వాసనాళాలలో వాపు తగ్గించే మందు ఒకటి, బిగువు సడలించే మందు మరొకటి. మొదటిది తీసుకోకుండా రెండోదానితోనే నెట్టుకురావడం మన దగ్గర పెద్ద అలవాటు. 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు 12 ఏళ్లు దాటినవారికి సాల్బుటమాల్ ఒక్కదానితోనే చికిత్స చేయవద్దని స్పష్టంగా చెబుతున్నాయి.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుందట" అనే భయం ఉంది. లెక్క చూడండి. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు. ఇన్‌హేలర్ ఒకసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు, అంటే ఆ మాత్రలో నలభయ్యో వంతు. పైగా అది నేరుగా చేరాల్సిన చోటికే చేరుతుంది. మాత్రకు భయపడని ఇల్లు ఇన్‌హేలర్‌కు భయపడటం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. మృగశిర కార్తె వచ్చిందంటే హైదరాబాదులో చేప మందు కోసం వేలమంది వరుస కడతారు. నమ్మకం వారి వారి ఇష్టం. ఆ మందు పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదు. అది వేసుకున్నామన్న ధీమాతో రోజూ వాడే ఇన్‌హేలర్ మానేయడం మాత్రం ప్రమాదం.

ఇప్పుడు పరుగుకు వద్దాం. వారానికి మూడు రోజులు చాలు. ముందు 10 నిమిషాలు నడవండి, మెల్లగా వేగం పెంచండి. ఈ సన్నాహాన్ని దాటవేయకండి, దీని వెనుక ఒక చక్కని సంగతి ఉంది. ఉబ్బసం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఒకసారి శ్రమ చేశాక 1 నుంచి 3 గంటల పాటు శ్వాసనాళాలు మళ్లీ అంత తేలికగా బిగుసుకోవు. సన్నాహం ఆ వెసులుబాటును మనకు ముందుగానే సంపాదించి పెడుతుంది. పరుగుకు 10–15 నిమిషాల ముందు ఇన్‌హేలర్ వాడాలో వద్దో, ఏది వాడాలో మీ డాక్టరు చెబుతారు.

సన్నాహం తర్వాత ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. ఇలా ఆరుసార్లు. ఆ ఒక్క నిమిషంలో కూడా పక్కవాడితో ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగేంత నెమ్మదిగా వెళ్లాలి. ముక్కలు ముక్కలుగా మాట వస్తుంటే వేగం ఎక్కువైందన్నమాట. రెండు వారాలు హాయిగా గడిస్తే పరుగు రెండు నిమిషాలు చేయండి. మిగతావాళ్లు మిమ్మల్ని దాటిపోతారు, పోనివ్వండి. చివర ఒక్కసారిగా కూలబడకుండా 5–10 నిమిషాలు నడుస్తూ చల్లబడండి. నా కుళాయి కథ గుర్తుంది కదా! చివరి పది నిమిషాలే జాగ్రత్తగా ఉండాల్సినవి.

గాలి సంగతి కూడా చూసుకోవాలి. ధనుర్మాసపు చలిలో ముక్కుకూ నోటికీ పలుచటి గుడ్డ కట్టుకుంటే లోపలికి వెళ్లే గాలి కాస్త వెచ్చబడుతుంది. వయ్యారిభామ మొక్క పూసిన ఖాళీ స్థలాల పక్కన, బస్సులు తిరిగే రోడ్ల మీద పరుగు వద్దు. భోగి మంటల ఉదయం, దీపావళి మర్నాడు ఇంట్లోనే ఉండండి. జలుబు చేస్తే అది పూర్తిగా తగ్గేవరకు సెలవు.

పరుగు ఉబ్బసాన్ని నయం చేస్తుందని నేను చెప్పను. చేయదు. కానీ గుండె, కండరాలు గట్టిపడి, అదే పనికి తక్కువ గాలి సరిపోతుంది. మెట్లెక్కితేనే మొదలయ్యే ఆయాసం దూరం జరుగుతుంది. బ్రిటన్‌కు చెందిన పౌలా రాడ్‌క్లిఫ్‌కు పద్నాలుగేళ్ల వయసు నుంచే ఉబ్బసం. 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పూర్తిచేసి ఆమె నెలకొల్పిన ప్రపంచ రికార్డు 2019 వరకు నిలిచింది. 1988 సియోల్ ఒలింపిక్స్ హెప్టాథ్లాన్‌లో 7291 పాయింట్లతో ప్రపంచ రికార్డు సాధించిన అమెరికా క్రీడాకారిణి జాకీ జాయ్‌నర్ కెర్సీదీ ఇదే జబ్బు. తనకు ఉబ్బసం ఉందని ఒప్పుకోవడానికే చాలాకాలం పట్టిందని ఆమే చెప్పారు. అది చదివినప్పుడు నాకు నా ట్రంకు పెట్టె గుర్తొచ్చింది.

మీలో పోటీలకు వెళ్లేవారు ఉంటే ఒక మాట. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో రిక్ డిమాంట్ అనే పదహారేళ్ల అమెరికా ఈతగాడి బంగారు పతకాన్ని వెనక్కి తీసుకున్నారు. అతని ఉబ్బసం మందులో నిషిద్ధమైన ఎఫిడ్రిన్ ఉంది. మందు సంగతి అతను ముందే కాగితంలో రాసి ఇచ్చాడు, వాళ్ల ఒలింపిక్ కమిటీ పట్టించుకోలేదు. ఈనాటి నిబంధనలలో సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను నిర్ణీత మోతాదు వరకు అనుమతిస్తారు. అయినా డాక్టరు చీటీ, మందుల జాబితా మీ దగ్గర ఉంచుకోండి.

చివరగా, మైదానంలో ఇబ్బంది వస్తే ఏం చేయాలి? ఆగిపోవాలి. నిటారుగా కూర్చోవాలి, పడుకోకూడదు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌ను స్పేసర్‌కు అమర్చి, ఒక్కొక్క మోతాదుకు నాలుగు శ్వాసల చొప్పున నాలుగు మోతాదులు తీసుకోవాలి. నాలుగు నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ నాలుగు. డాక్టరు మీకు వేరే ఇన్‌హేలర్ ఇచ్చి ఉంటే దాన్ని ఎలా వాడాలో ముందే రాయించుకోండి. అప్పటికీ తగ్గకపోయినా, మాట రాకపోయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోపు మందు ఇస్తూనే ఉండాలి.

ఇదంతా ఒక చిన్న కాగితం మీద రాసి మీ వ్యాయామ ఉపాధ్యాయుడికి ఒకటి, పక్కన పరుగెత్తే స్నేహితుడికి ఒకటి ఇవ్వండి. ఇన్‌హేలర్ ఏ జేబులో ఉందో కూడా అందులో రాయండి.