దానం వచ్చి హక్కును మింగకూడదు

(పేటలో జరిగిన విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను ఒక కాగితం గురించి మాట్లాడతాను. మన పిల్లకో పిల్లోడికో ఏదైనా ట్రస్టు వాళ్ళు స్కాలర్‌షిప్ ఇస్తామని ముందర పెట్టి సంతకం చెయ్యమంటారే, ఆ కాగితం. చిన్న కాగితమే. కానీ మన హక్కు ఉండేదీ పోయేదీ దాంట్లోనే ఉంది.

నా సంగతే చెప్తాను. 2012లో నేను డిగ్రీ చదువుతున్నాను. ఒక ట్రస్టు వాళ్ళు నన్ను స్టేజీ ఎక్కించి, శాలువా కప్పి, చెక్కు చేతిలో పెట్టి ఫోటో తీశారు. మా అమ్మ ఆ ఫోటో గోడకు తగిలించింది. ఆ మరుసటేడు కాలేజీ ఆఫీసుకెళ్తే గుమాస్తా ఏమన్నాడు? "నీకు వేరే స్కాలర్‌షిప్ వచ్చిందిగా, నీ రెన్యువల్ పంపలేదు" అన్నాడు. ట్రస్టు ఇచ్చింది ఒక్కసారి. సర్కారుది చదువు అయ్యేదాకా రావాల్సింది. చిన్నది చేతికొచ్చి పెద్దది పోయింది. వాళ్ళు నన్నడగలేదు. నేనూ వాళ్ళనడగలేదు, అడగొచ్చని తెలియదు గనుక. మా నాయన మళ్ళీ అప్పుకి పోయాడు.

రూలు ఏముందో చాలా ఏళ్ళ తర్వాత చదివాను. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 2010 జూలై 1 నుంచి అమలైన కేంద్ర నిబంధనల్లో మూడు మాటలుండేవి. ఒకటి, ఈ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్ళు దాంతోపాటు ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. గుమాస్తాకి తెలిసింది ఈ ఒక్క మాటే. రెండు, వేరేది వస్తే రెండింటిలో తనకు ఏది మేలో విద్యార్థే ఎంచుకోవచ్చు, ఆ సంగతి ప్రిన్సిపాల్ ద్వారా మంజూరు చేసే అధికారికి తెలపాలి. అంటే ఎంచుకునేది విద్యార్థి, గుమాస్తా కాదు! మూడు, పుస్తకాలకు, పరికరాలకు, తిండికి, వసతికి ఎవరైనా సాయం చేస్తే దాన్ని ఈ స్కాలర్‌షిప్‌తో పాటు తీసుకోవచ్చు.

చూశారా తిరకాసు? అదే దాత, అదే పదివేలు. కాగితం మీద "స్కాలర్‌షిప్" అని రాస్తే ఆ రూలు ప్రకారం రెండింటిలో ఒకటే. "పుస్తకాలకు సాయం" అని రాస్తే రెండూ మనకే. ఒక్క మాట తేడాలో మూడేళ్ళ చదువుంది.

ఇది మన ఊళ్ళో సంగతే కాదు. అమెరికాలోనూ ఇదే పేచీ. అక్కడ లెక్క ఇట్లా ఉంటుంది. చదువుకు ఏడాదికి ముప్ఫై వేల డాలర్లు అవుతుందనుకోండి. కుటుంబం ఐదు వేలు పెట్టుకోగలదని తేల్చారు. మిగతా ఇరవై ఐదు వేలకి కాలేజీ పదిహేను వేలు ఉచితంగా ఇచ్చి, పదివేలు అప్పు ఇప్పించింది. ఇంతలో బయట సంఘం ఒకటి ఆ పిల్లకి మూడు వేల స్కాలర్‌షిప్ ఇచ్చింది. అప్పులో మూడు వేలు తగ్గిస్తే పిల్ల బాగుపడుతుంది. కానీ కొన్ని కాలేజీలు తామిచ్చే పదిహేను వేలల్లోంచే మూడు వేలు కోసుకుంటాయి. పిల్ల అప్పు అట్లాగే ఉంటుంది. దాత ఇచ్చిన సొమ్ము కాలేజీకి మిగులుతుంది! పేరు పిల్లది, లాభం కాలేజీది.

అక్కడి విద్యార్థులూ దాతలూ దీని మీద గొడవ చేశారు. 2017లో మేరీల్యాండ్ రాష్ట్రం ప్రభుత్వ కాలేజీల్లో ఈ కోతకి కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. 2022లో కాలిఫోర్నియా కూడా పేద విద్యార్థుల విషయంలో చట్టం చేసింది. అడిగితే చట్టమవుతుంది, ఊరుకుంటే కోతవుతుంది. మన పిల్లలు అక్కడికి చదువుకు పోతే అక్కడి కేంద్ర సర్కారు సాయం రాదు గానీ, కాలేజీ తన నిధిలోంచి ఇస్తే ఈ కోత వాళ్ళకీ తగలొచ్చు. పోకముందే రాతపూర్వకంగా అడగాలి.

దాతల్ని తిట్టడానికి నేను ఈ మాటలు చెప్పడంలేదు. బాబాసాహెబ్ అంబేద్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి పోయింది బరోడా మహారాజు శాయాజీరావు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనే. ఆ మేలు చిన్నది కాదు. కానీ దానికి షరతుంది, చదువయ్యాక పదేళ్ళు బరోడా కొలువు చెయ్యాలి. దానికి గడువుంది. 1917లో గడువు తీరితే లండన్ చదువు సగంలో ఆపి రావాల్సివచ్చింది. కొలువుకని బరోడా పోతే అంత చదువుకున్న మనిషికి నిలకడగా ఉండటానికి చోటు దొరకలేదు. మళ్ళీ 1920లో లండన్ పోయి ఆ చదువు పూర్తి చేశారు.

ఆ మనిషే 1942లో వైస్రాయికి విజ్ఞాపన పెట్టి, అంటరానివాళ్ళ పిల్లల పైచదువులకు ప్రభుత్వమే డబ్బివ్వాలని అడిగారు. 1944లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. అంటే ఇది ఎవరో దయతలచి వేసింది కాదు, అడిగి తెచ్చుకున్నది. దాత మనసు మారినా, గడువు తీరినా ఆగకూడనిది. దాన్ని ఒక శాలువాకీ ఒక ఫోటోకీ వదులుకుందామా?

కార్యకర్తలకు నా మనవి. పేటలో ఎవరికైనా బయట స్కాలర్‌షిప్ వస్తే మీరే ఇంటికెళ్ళి ఆ కాగితం చదివి చెప్పండి. ఎంత ఇస్తారు, ఎన్నేళ్ళు ఇస్తారు, మార్కులు తగ్గితే ఆపుతారా, వేరేది తీసుకోకూడదని షరతుందా, ఈ నాలుగూ చూడండి. రూలు మారుతుంటుంది గనుక ఈ ఏడు రూలేమిటో ఆంధ్రలో సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసులో, తెలంగాణలో ఎస్సీ అభివృద్ధి శాఖ ఆఫీసులో అర్జీ పెట్టి రాతలో తీసుకోండి. నోటిమాట నమ్మొద్దు. అర్జీకి రసీదు అడగండి. వచ్చింది దాచిపెట్టమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వొద్దు. రేపు బయటపడితే ఇచ్చింది కూడా తిరిగి కట్టమంటారు. అప్పుడు పిల్లోడి తరఫున మాట్లాడటానికి మనకు నోరుండదు.

ఉద్యోగాల్లో ఉన్న మన అన్నలకూ అక్కలకూ ఒక మాట. మీరిచ్చేది ఇవ్వండి, తెలిసి ఇవ్వండి. పుస్తకాలకు, మెస్‌కు అని కాగితం మీద స్పష్టంగా రాసి ఇవ్వండి. సర్కారు డబ్బు ఆలస్యమై కాలేజీ వాళ్ళు గుమ్మం దగ్గర ఆపే రోజుల్లో ఇవ్వండి. సర్కారు ఇవ్వాల్సిన దాని పక్కన మీ డబ్బు నిలబడాలి గానీ దాని స్థానంలో కూర్చోకూడదు.

కాలేజీలను మనం అడగాల్సినవి రెండే. విద్యార్థితో మాట్లాడి రాతపూర్వకంగా ఎంపిక తీసుకోకుండా ఎవరి స్కాలర్‌షిప్పూ ఆపొద్దు. రూలును తెలుగులో నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఈ రెండూ రాసి తెచ్చాను. సభ అయ్యాక అందరూ సంతకాలు చెయ్యండి, వేలిముద్రలు వెయ్యండి. సోమవారం ప్రిన్సిపాల్ దగ్గరకు కలిసి పోదాం.

ఆ ఫోటో మా ఇంట్లో ఇంకా గోడ మీదే ఉంది. మా అమ్మ తియ్యనివ్వదు. నేనూ తియ్యమనను. దాన్ని చూసినప్పుడల్లా చదవకుండా పెట్టిన సంతకం గుర్తుకొస్తుంది. మీ పిల్లలు చదివి సంతకం పెట్టాలి.

జై భీమ్.