అక్క ఆపేసిన గోలీ

నేను పదహారేళ్లుగా దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. చదివింది ఐటీఐ, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్. డాక్టర్‌ని కాను. అయినా ఈ వారం క్యాన్సర్ గురించి మాట్లాడతానని నేనే అడిగాను.

మా అక్క జగిత్యాల దగ్గర పల్లెలో ఉంటుంది. రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషన్ అయింది, రేడియేషన్ అయింది. ఆ తర్వాత రోజుకొక టామాక్సిఫెన్ గోలీ, ఐదేళ్లు వేసుకోమన్నారు. ఏడాది తిరగకముందే ఆపేసింది. ఒకరోజు ఫోన్‌లో ఏదో మాట మధ్యలో చెప్పింది. "గడ్డనే తీసేసిన్రు గద తమ్మీ, ఇంక గోలీ దేనికి? వేసుకుంటే ఒళ్లంతా మంటలు, రాత్రంతా చెమటలు."

నా దగ్గర జవాబు లేదు. సెలవుకు పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాను. ఆమె చెప్పింది, తర్వాత నేను చదువుకున్నది కలిపి నా భాషలో చెప్తాను.

సైట్‌లో ఒరిజినల్ డ్రాయింగులు ఆఫీసు దాటవు. ఆ రోజు పనికి కావాల్సిన షీట్ ఒక్కటే కాపీ తీసి కిందికి పంపుతారు. కణంలోనూ అంతే. డీఎన్‌ఏ కేంద్రకంలోనే ఉంటుంది. అందులో ప్రోటీన్లు తయారు చేయించే జన్యువులే సుమారు 20,000. కావాల్సిన జన్యువుకు ఆర్‌ఎన్‌ఏ అనే కాపీ తీస్తారు. దాన్నే ట్రాన్స్‌క్రిప్షన్ అంటారు. ఏ షీట్ కాపీ తీయాలో చెప్పేవి కొన్ని ప్రోటీన్లు. సంతకం పెట్టే ఇంజనీర్లు అనుకోండి.

అక్క రిపోర్టులో 'ఈఆర్ పాజిటివ్' అని ఉంది. ఈఆర్ అంటే ఈస్ట్రోజన్ రిసెప్టర్. అదీ అలాంటి ఇంజనీరే. ఈస్ట్రోజన్ హార్మోన్ వచ్చి దాని గాడిలో కూర్చోగానే దాని ఆకారం మారుతుంది. అప్పుడది డీఎన్‌ఏ మీద సాయం ప్రోటీన్లను కూడగట్టి మిక్, సైక్లిన్ డి1 లాంటి జన్యువుల కాపీలు తీయిస్తుంది. ఆ కాపీల మీద తయారయ్యే ప్రోటీన్లు కణాన్ని రెండుగా చీలమని తోస్తాయి. మామూలు కణంలో దీనికి హద్దుంటుంది. ఈ రకం క్యాన్సర్‌లో ఆ హద్దు ఉండదు.

టామాక్సిఫెన్ వెళ్లి అదే గాడిలో కూర్చుంటుంది. కానీ రిసెప్టర్ ఆకారం వేరేగా తిరుగుతుంది, సాయం ప్రోటీన్లు అతుక్కోలేవు. సంతకం పడదు. అయితే డ్రాయింగు చెరిగిపోలేదు, ఇంజనీరూ పోలేదు. కుర్చీ ఒక్కటే ఖాళీ లేదు. గోలీ ఆపితే కొన్ని వారాల్లో ఆ కుర్చీ ఖాళీ అవుతుంది. కంటికి కనబడని కణాలు ఒంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే వాటికి మళ్లీ సంతకం దొరుకుతుంది. అందుకే గడ్డ తీసేసినా గోలీ కావాలి. ఈఆర్ పాజిటివ్ ఉన్నవాళ్లు ఐదేళ్లు వాడితే, మొదటి 15 ఏళ్లలో ఈ జబ్బుతో చనిపోయే ముప్పు సుమారు మూడో వంతు తగ్గుతుందని పెద్ద పరిశోధనల్లో తేలింది.

ఇదంతా అక్కకు చెప్పాను. మొత్తం విని, "మరి నా మంటలో?" అంది. న్యాయమైన ప్రశ్న. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికే పోయాం. మంటలకు ఆమె వేరే మందు ఇచ్చింది. కాలు వాచినా, మామూలు కాని రక్తస్రావం ఏదైనా కనబడినా వెంటనే రమ్మంది. అక్క గోలీ మళ్లీ మొదలుపెట్టింది.

మనం ఇక్కడి నుంచి పైసలు పంపి, "మందులు వేసుకుంటున్నవా?" అని అడుగుతాం. వాళ్లు "ఆ" అంటారు. నేనిప్పుడు ఇంకో మాట అడుగుతున్నాను: "వేసుకుంటే ఒంట్లో ఎట్లుంటుంది అక్కా?" మీరూ అడగండి. ఉంటాను.