మొగ్గ తొడుగు కణము – దాని పొర

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు గావించిన ఉపన్యాసము)



మన గుణుపురము చుట్టునున్న కొండలలో జీలుగు చెట్టును ఎరుగనివారు లేరు. ఒరియావారు దానినే సలప యందురు. తెల్లవారుజామున దింపిన దాని రసము పానకమువలె తీయగా నుండును. సాయంకాలమునకు అదియే పులిసి, నురుగెత్తి, మత్తు గొలుపు కల్లగును. పాఠశాలలో కల్లు ప్రసంగమేమని తల్లిదండ్రులు నొచ్చుకొనవలదు. నా దృష్టి కుండపై లేదు. కుండలో పనిచేయుచున్న కంటికి కానరాని కూలివానిపై నున్నది. వానినే ఈస్టు అందుము. రొట్టెల దుకాణములో పిండిని పొంగించునదియు ఆ జాతియే.

ఈస్టు ఒంటికణపు జీవి. ఇట్టివానిని ఇన్నూరింటిని వరుసగా పేర్చిన ఇంచుమించు ఒక మిల్లీమీటరు పొడవగును. మంచి ఆహారము దొరకినచో సుమారు గంటన్నరకు ఒకటి రెండగును. మన శరీరములోని కణము సాధారణముగా నడుమకు చీలి రెండు సమభాగములగును. కల్లులోని ఈస్టు అట్లు చీలదు. కొమ్మకువలె దాని ఒంటికి ఒకచోట మొగ్గ తొడుగును. ఆ మొగ్గ పెరిగి, తల్లి కేంద్రకములో తన పాలు పంచుకొని, మెడవద్ద తెగి, పిల్లకణమై వేరుపడును. తెగినచోట తల్లి ఒంటిపై ఒక మచ్చ మిగులును. మచ్చలను లెక్కించి తల్లికి ఎన్ని కాన్పులైనవో చెప్పవచ్చును. సుమారు ఇరువదియైదు కాన్పులైన పిదప తల్లి ముసలిదై మరణించును.

ఇంత గంభీరమైన శాస్త్రము తెలుగులో చెప్పుట సాధ్యమా యని ఒక మిత్రులు నన్నడిగిరి. మొగ్గ, మెడ, తల్లి, పిల్ల, మచ్చ – ఇవన్నియు ఇంటి మాటలే గదా! పరదేశపు శాస్త్రజ్ఞులును తమ భాషలో ఈ ఇంటి మాటలనే వాడుచున్నారు. మన పిల్లవాడు ఈ విషయమున వారి పిల్లవానికంటె వెనుక నుండవలసిన పని లేదు. ఇంటర్మీడియెటుతో చదువు ముగించిన నాకే ఇది బోధపడుచుండగా మీకు బోధపడకుండుటెట్లు?

ఇక అసలు ప్రశ్న. బంతివంటి కణముపై మొగ్గ ఎచ్చట పుట్టవలెనో నిర్ణయించు నదెవరు? కేంద్రకమే కణమునకు సర్వాధికారి యని మనము పిల్లలకు నేర్పుచున్నాము. ఆ మాట సగమే సత్యము. ఆజ్ఞాపత్రములు కేంద్రకములో నుండుట నిజమే. కాని చోటు నిర్ణయించునది పొర.

కణము చుట్టు గట్టి కవచము, దానికి లోపల పలుచని పొర కలవు. ఈ పొర మిల్లీమీటరులో లక్షవ వంతుకంటెను పలుచన. రెండు వరుసల కొవ్వుపదార్థముతో నిర్మితమైన ఆ పొరలో మాంసకృత్తులు నాటుకొని యున్నవి. వానిలో కొన్ని, భూమి కొలిచినవారు పాతిన హద్దురాళ్ళవంటివి. ఒంటి వరుస క్రోమోజోములు గల ఈస్టులో ఆక్సల్-2 అను మాంసకృత్తు వెనుకటి కాన్పు జరిగిన మెడవద్ద నిలిచి, తరువాతి మొగ్గ దాని ప్రక్కనే పుట్టవలెనని గుర్తు చూపును. జంట వరుసలు గల ఈస్టులో బడ్-8, బడ్-9 అనునవి కణపు రెండు కొనలను గుర్తించి యుంచును. ఆ గుర్తు ననుసరించి లోపలినుండి సీడీసీ-42 అను మరియొక మాంసకృత్తు వచ్చి పొరకు అంటుకొనును. అది నిలిచినచోటనే మొగ్గ లేచును. హద్దురాళ్ళు తొలగించినచో కణము చావదు. మొగ్గలు మాత్రము తోచినచోట పుట్టును.

ఈ రహస్యములకు దారి చూపిన ముఖ్యుడు లీలండ్ హార్ట్‌వెల్. ఆయన 1970 ప్రాంతమున అమెరికాలోని సియాటిల్ నగరములో, చల్లదనములో విభజన చెంది వెచ్చదనములో నడుమ ఆగిపోవు ఈస్టులను ఏరి, ఏ జన్యువు చెడిన ఏ మెట్టున పని నిలుచునో కనుగొనెను. పాల్ నర్స్, టిమ్ హంట్ అనువారితోపాటు 2001లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది. ఆయన ఏరిన ఈస్టులలో కొన్ని మెడవద్ద తెగలేక పొడుగాటి మొగ్గలతో మిగిలినవి. మెడచుట్టు పొరను లోవైపున అంటిపెట్టుకొని యుండు సెప్టిన్‌లను మాంసకృత్తుల కట్టు వానిలో లోపించినదని పిమ్మట తేలినది. ఈ కట్టు ఆనవాలుగా మరియొక ఉంగరము ఏర్పడి, సంచి మూతికి కట్టిన త్రాడువలె బిగిసికొనును. బిగించుటకు కావలసిన శక్తి ఏ.టి.పి. అను పదార్థమునుండి వచ్చును. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డునందు ఫిస్కేతో కలిసి వెల్లడించినవారు మన భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పేరు మన తరగతి గోడపై నుండవలెనని నా కోరిక.

ఉంగరము బిగియుచుండగనే పొరలోని మాంసకృత్తులు అడ్డుగోడ కట్టుట కారంభించును. ఒకటి కైటిన్ అను పదార్థమును, ఎఫ్‌కేఎస్-1 అనునది గ్లూకాన్‌ను అల్లును. ఇచ్చట వైద్యులకు మిక్కిలి పని కలదు. శిలీంధ్రపు కణము మన కణమును చాలవరకు పోలియుండును. కనుక దానిని చంపు మందు రోగినిగూడ బాధించుట కద్దు. మన కణములకు కవచము లేదు. కాబట్టి ఎఫ్‌కేఎస్-1ను అడ్డగించు మందు, 2001లో అమెరికాలో అనుమతి పొందిన కాస్పోఫంజిన్, ఈస్టుకు దాయాదియైన కాండిడాను చంపును; రోగికి అంతగా కీడు చేయదు. అయినను శత్రువు ఊరకుండలేదు. 2009లో జపానులో గుర్తింపబడిన కాండిడా ఆరిస్ మన దేశపు ఆసుపత్రులలోను కనబడినది. అందు కొన్ని ఆ మాంసకృత్తును కొంచెము మార్చుకొని మందును తప్పించుకొనుచున్నవి. పొరలోని ఒక చిన్న మార్పుపై రోగి ప్రాణము ఆధారపడి యున్నది.

నాకు అన్నింటికంటె ఆశ్చర్యము గొలిపినది మరియొకటి. పొరలో పీఎమ్ఏ-1 అను పంపు కలదు. అది ఏ.టి.పి.ని వ్యయపరచి ఆమ్లపు కణికలను వెలుపలికి తోడిపోయును. అది లేనిదే ఈస్టు బ్రతుకదు. కాని తల్లి వయస్సుతోపాటు దాని ఒంటిలో ఈ పంపులు పేరుకొనును. అందువలన లోపలి సంచిలో ఉండవలసిన ఆమ్లత తగ్గి, ముసలితనము మొదలగును. మొగ్గకు మాత్రము ఆ పాత పంపులు మిక్కిలి కొద్దిగా చేరును. పిల్ల ఎప్పటికప్పుడు క్రొత్తగా జీవితము నారంభించును. ఈ సంగతి 2014లో ఆ సియాటిల్ నగరమునందే వెల్లడియైనది. పాతబరువు తల్లియే ఉంచుకొనుచున్నదని తల్లులకు వేరుగ చెప్పనేల!

శనివారము మధ్యాహ్నము మన ప్రయోగశాలలో గోరువెచ్చని పంచదార నీటిలో రొట్టెల ఈస్టు కలిపి యుంచెదము. సూక్ష్మదర్శినిలో నాలుగువందల రెట్లు పెద్దదిగా చూచినచో మొగ్గ తొడిగిన కణములు మీకే కనబడును. మచ్చలు చూచుటకు ప్రత్యేకమైన రంగును, అంతకుమించిన పరికరమును కావలెను. అవి మనకు లేవు. తొమ్మిదవ తరగతివారు మొదట, పదవ తరగతివారు తరువాత రావలెను.