నీటికి దారి వదులుదాం
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



కాకినాడ దగ్గర ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకుపోతున్నది. ఇసుక నింపిన పెద్ద సంచులతో కట్టిన గోడ కూడా కెరటాలకు దెబ్బతిన్నది. గోడ ఒక్కటే చాలదు. మడ అడవి ఉండాలి, తుపాను షెల్టరు ఉండాలి, హెచ్చరిక వినగానే కదిలే జనం ఉండాలి.

సముద్రం మనకు దూరం గదా అనుకుంటాము. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది, వేలమంది పోయారు. సరిగ్గా అదే తేదీన, 2021లో, చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపత్తూరు వంటి ఊళ్ళు దెబ్బతిన్నాయి. ఆ చెయ్యేటిలో మన మదనపల్లె బాహుదా నీళ్ళు కూడా కలుస్తాయి. కుప్పం మీదుగా పోయే పాలారు 1903 నవంబరులో వాణియంబాడిలో సుమారు 200 మందిని పొట్టన పెట్టుకున్నది.

పదేళ్ళు కరువు చూసినవాడు వంకను మరచిపోతాడు. చవగ్గా వస్తుందని చెరువు కట్ట కింద, వంక పోరంబోకులో జాగా కొంటాడు. కొనేది మన పేదవాళ్ళే. వారిని తిడితే లాభం లేదు. మెరకన పట్టా జాగా కోసం అర్జీ మనమే రాసిపెట్టాలి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడు చోట్లా మూడు పనులు చేద్దాము. వానలకు ముందే చెరువు మొరవలు, కాలువలు బాగుచేయమని మునిసిపాలిటీని అడుగుదాము. పల్లపు వీధుల్లోని ముసలివాళ్ళ, ఒంటరి ఆడవాళ్ళ పేర్లు రాసిపెట్టుకుందాము. నీళ్ళొస్తున్నాయంటే మసీదు మైకులో చెబుదాము. షాదీఖానా తలుపులు ఏ మతంవారికైనా తెరుద్దాము.

దువా చేద్దాము, పార కూడా పట్టుకుందాము. ఖుదా హాఫిజ్.